మెకానికల్ మూడో ఏడాది, భీమవరం: కంపెనీల్లో తెలిసినవాళ్లు లేకుండా ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

ప్రశ్న:
నమస్కారమండి. మే, జూన్‌లలో ఇంటర్న్‌షిప్ చేయాలి. పోర్టళ్లలో పెట్టిన దరఖాస్తులకి జవాబు లేదు. నాన్నగారిది వ్యవసాయం, కంపెనీల్లో మావాళ్లెవరూ లేరు. లింక్డ్‌ఇన్‌లో సీనియర్లకి "సార్, రిఫర్ చేయండి" అని పెడితే చూసి ఊరుకుంటున్నారు. ఎవరికి రాయాలి, ఏం రాయాలి?

జవాబు 1:
తమ్ముడూ, రిఫర్ చేయాలంటే ఆ సీనియర్ కంపెనీ ఫారంలో జాబ్ ఐడీ, నీ రెజ్యూమే పెట్టి, నువ్వు తనకెలా తెలుసో కూడా రాయాలి. నువ్వు ఇవేవీ ఇవ్వలేదు. పైగా ముక్కూమొహం తెలియనివాడికి పూచీ పడటానికి ఎవరైనా వెనకాడతారు.

లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి అలమ్నై (పాత విద్యార్థుల) విభాగంలోకి వెళ్లు. ఊరు, కంపెనీ, బ్రాంచి పెట్టి వెతుకు. పెద్ద మేనేజర్ల జోలికి పోకు. నీకంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల ముందు పాసైనవాళ్లని పట్టుకో. మీ ల్యాబులు, లెక్చరర్లు వాళ్లకింకా గుర్తుంటారు, తమ కంపెనీలో ఇంటర్న్‌లని ఎవరు తీసుకుంటారో కూడా తెలిసే ఉంటుంది. మొదటి మెసేజ్‌లో ఇంటర్న్‌షిప్ ఊసెత్తొద్దు. జవాబు చెప్పడానికి వీలైన ప్రశ్న అడుగు:

"నమస్తే అన్నా. మన కాలేజీలోనే మెకానికల్ మూడో ఏడాది. పంపు వైబ్రేషన్ మీద మినీ ప్రాజెక్టు చేస్తున్నాను. మీరు మెయింటెనెన్స్‌లో ఉన్నారని చూశాను. బేరింగ్ పాడవుతోందని మీ ప్లాంటులో ముందే ఎలా కనిపెడతారు? వీలున్నప్పుడు పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడతారా?"

మాట్లాడాక చివర్లో "మీ దగ్గర ఇంటర్న్‌ల సంగతి ఎవరు చూస్తారన్నా?" అని అడుగు. ఆయన ఎవరి పేరైనా చెబితే అదే రోజు ఆయనకి ఒక్క పేజీ రెజ్యూమే పీడీఎఫ్ పంపు, ఆయన యథాతథంగా ఫార్వర్డ్ చేసేలా మూడు లైన్లతో. ఫైలుకి నీ పేరు, బ్రాంచి పెట్టు. జవాబు రాకపోతే వారం పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయి, అంతకుమించి వద్దు.

జవాబు 2:
భీమవరంలో ఉంటూ పోర్టళ్లనే నమ్ముకోవడమెందుకండి? చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, మేత మిల్లులు ఉన్నాయి. తణుకులో ఆంధ్రా షుగర్స్, రాజమండ్రిలో పేపర్ మిల్లు, కాకినాడలో ఎరువుల కర్మాగారం ఉన్నాయి. చిన్న ప్లాంటువాళ్లు ఇంటర్న్‌ల కోసం ప్రకటన వేయరు, అడిగితేనే ఆలోచిస్తారు.

గేటు దగ్గరిచ్చిన రెజ్యూమే గేటు దాటదు. మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని కలవాలి. ఆయన్ని ఎరిగినవాళ్లు మీ నాన్నగారికి దగ్గర్లోనే ఉంటారు: చెరువులున్న బంధువు, మేత డీలరు, రొయ్యలు కొనే ఏజెంటు, జనరేటర్ మెకానిక్కు. తెలిసినవాళ్లు లేరనుకోవడం తప్పండి.

"ఏ పనైనా నేర్చుకుంటానండి" అంటే ఆయనకి మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలీదు. పని పేరు చెప్పి అడగండి. ఉదాహరణకి, రొయ్యల్ని గడ్డకట్టించే ప్లేట్ ఫ్రీజర్లలో అమ్మోనియా మైనస్ 40 డిగ్రీల దగ్గర మరుగుతుంటే సక్షన్ వైపు (కంప్రెసర్ పీల్చుకునే వైపు) పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. సీలు కాస్త లీకైనా గాలిని లోపలికి లాగేస్తుంది. ఆ గాలి కండెన్సర్‌లో (అమ్మోనియాని చల్లార్చి ద్రవం చేసే భాగంలో) చేరి డిశ్చార్జ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ బయటికి నెట్టే వైపు పీడనం, పెంచుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. కండెన్సర్‌లో అమ్మోనియా 35 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంటే గేజ్ సుమారు 12.5 బార్ చూపాలి. 14 చూపిస్తుంటే గాలి చేరిందేమోనని అనుమానించాలి. "నెల రోజుల లాగ్‌షీట్లు (రీడింగులు రాసే కాగితాలు) ఎక్సెల్‌లో ఎక్కించి, ప్రెషర్‌కీ కాలిన యూనిట్లకీ గ్రాఫ్ గీసిస్తానండి" అనండి. కూర్చోబెట్టి మాట్లాడతారు.

హెచ్‌ఓడీ (మీ బ్రాంచి హెడ్) సంతకంతో, తేదీలు వేసిన లెటర్ తీసుకెళ్లండి. సేఫ్టీ షూ మీరే కొనుక్కోండి. ఆపరేటర్ తోడు లేకుండా అమ్మోనియా రూములో అడుగు పెట్టొద్దు.

జవాబు 3:
డబ్బు కడితే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం కొలిచావు?" అనడిగితే ఆ కాగితం అక్కరకు రాదు. పీఎం ఇంటర్న్‌షిప్ పథకం మీద కూడా ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. 2024లో మొదలైనప్పటి నిబంధనల్లో ఫుల్‌టైమ్ చదివేవాళ్లకి అర్హత లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. ఎప్పట్నుంచి మొదలుపెట్టమంటారు?

జవాబు 2 ఇచ్చినవారు:
పెద్ద కంపెనీలకైతే జనవరిలోనే, కాలేజీ ద్వారా లెటర్ వెళ్లాలి. చిన్న ప్లాంటుకి మార్చిలో వెళ్లినా చాలు. షిఫ్టు మారే వేళ వెళ్లకండి, పొద్దున పదకొండు దాటాక మెయింటెనెన్స్ ఇన్‌చార్జి కాస్త ఖాళీగా ఉంటారు.