చీలమండ బెణికి 11 వారాలు: పరుగు సరే, మలుపే కుదరడం లేదు

వయసు 36. వారానికి రెండుసార్లు ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడతాను. 11 వారాల క్రితం కుడి పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. బయటివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) సాగిందన్నారు డాక్టర్.

మొదటి వారం ఐస్, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టుకోవడం. మూడో వారం నుంచి ఫిజియో చెప్పినట్టు ఒంటికాలిపై నిలబడటం, మడమలెత్తడం, రబ్బరు బ్యాండును పాదంతో బయటికి తోయడం. ఇప్పుడు తిన్నగా 5 కిలోమీటర్లు పరిగెత్తినా నొప్పి లేదు, వాపూ లేదు.

చిక్కల్లా బంతితో ఉన్నట్టుండి ఎడమకి తిరిగినప్పుడే. 20 నిమిషాలు ఆడేసరికి చీలమండ ఎముక కింద, బయటివైపు, సూదితో పొడిచినట్టు ఉంటుంది. మర్నాడు ఉదయానికి పోతుంది. యాంకిల్ బ్రేస్ వేసుకుని రెండుసార్లు ఆడాను, తేడా లేదు. అడుగున పొడవాటి స్టడ్లు (పట్టు కోసం ఉండే బుడిపెలు) ఉన్న బూట్లు మానేసి టర్ఫ్ షూస్‌కి మారాను. కొంచెం నయం, అంతే.

'ఆట మానెయ్' అన్న సలహా ఇంట్లో రోజూ దొరుకుతోంది, దయచేసి అది వద్దు. వారం మొత్తంలో నా బుర్రలో ఏ లెక్కలూ తిరగని గంటన్నర అదొక్కటే.

ఇలాంటి బెణుకు తర్వాత మళ్లీ మైదానంలోకి దిగినవాళ్లు పక్కకు తిరిగే కదలికలను ఏ వ్యాయామంతో మొదలుపెట్టి, ఏ క్రమంలో పెంచారు?