అప్‌డేట్: ఆ మిక్సీ కంపెనీని మళ్లీ నమ్మాలా అని అడిగాను కదా

మూడు నెలల క్రితం అడిగాను: అమ్మ పద్దెనిమిదేళ్లు వాడిన మిక్సీ కంపెనీదే కొత్తది కొంటే, ఎనిమిది నెలలకే జారు కింద, దాన్ని మోటారుతో కలిపే కప్లర్ పళ్లు అరిగిపోయాయి. లోపం సరిదిద్దామంటున్న వాళ్లను మళ్లీ నమ్మవచ్చా?

చాలామంది క్యాడ్‌బరీని గుర్తుచేశారు. 2003లో ముంబయిలో డైరీ మిల్క్ చాక్లెట్లలో పురుగులు కనిపించి అమ్మకాలు పడిపోయాయి. 2004లో అల్యూమినియం రేకుతో గట్టిగా మూసిన ప్యాకింగు తెచ్చారు, అమితాబ్ బచ్చన్‌తో ప్రకటనలు ఇచ్చారు. నా దృష్టిలో జనాన్ని వెనక్కి తెచ్చింది చేతికి తగిలిన ఆ రేకే.

అందుకే సర్వీసు సెంటరుకు వెళ్లి కొత్త జారును బోర్లించి చూపించమన్నాను. ప్లాస్టిక్ పళ్ల స్థానంలో లోహపు పళ్లున్నాయి. అక్కడి అబ్బాయి అరిగిన నా కప్లర్‌ను పక్కనే పెట్టి తేడా చూపించాడు, డబ్బు తీసుకోకుండా మార్చి ఇచ్చాడు. క్షమాపణ ఉత్తరం కంటే నాకు అదే ముఖ్యం.

నిన్న గారెలకు మినప్పప్పు రుబ్బాను. మోటారు వేడెక్కలేదు, కాలిన వాసనా రాలేదు. అమ్మ మాత్రం పాత మిక్సీని ఇంకా అటక ఎక్కించనివ్వడం లేదు. చెల్లెలి కొత్త కాపురానికి ఇదే కంపెనీది కొనాలా అన్నది ఏడాది వాడాక చెబుతాను.