క్లయింటు లెక్కలు ఏఐకి ఇస్తే ఆ సంగతి క్లయింటుకి చెప్పాలా?

చిట్టా_ఆవర్జా:
మా ఆఫీసులో దీని మీద రెండు పక్షాలయ్యాయి, అందుకే ఇక్కడ పెడుతున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లులు ఏఐ టూల్‌కి ఇస్తే పద్దులు విడదీసి, రిటర్ను డ్రాఫ్టు కూడా తయారుచేస్తోంది. ఈ మాట క్లయింటుకి ముందే చెప్పాలా, అక్కర్లేదా? చెప్పి తీరాలంటాను నేను. మనల్ని నమ్మి కాగితాలిచ్చారు. వాటిని ఇంకెవరి సర్వర్‌లోకో ఎక్కించేముందు ఒక మాట అడగొద్దూ?

ట్రయల్_బ్యాలెన్స్:
ఎక్సెల్ వాడుతున్నామని ఎవరికైనా చెప్పామా? సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌కి మారినప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అనుమతి తీసుకున్నామా? ఇదీ ఒక పనిముట్టే. క్లయింటుకి కావలసింది లెక్క సరిగ్గా ఉండటం, గడువులోపు దాఖలవడం. కింద సంతకం నాది, తప్పొస్తే తిట్లు తినేదీ నేనే. ఊరికే చెప్పి వాళ్ళకి టెన్షన్ ఎందుకు?

సంతకందారు:
ట్రయల్ గారూ, ఎక్సెల్‌తో పోలిక కుదరదండీ. అక్కడ సెల్ మీద క్లిక్ చేస్తే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కనబడుతుంది. చాట్ టూల్‌కి ఒకే స్టేట్‌మెంట్ రెండుసార్లు ఇస్తే ఒకే ఎంట్రీ రెండు వేర్వేరు పద్దుల్లో పడొచ్చు. ఎందుకలా వేశావని అడిగితే ఏదో ఒక కారణం చెబుతుంది, ఆ కారణం కూడా అప్పుడు అల్లిందే కావచ్చు.

ఈమధ్య నేను చూసిన డ్రాఫ్టు సంగతి చెబుతాను. వ్యాపారి తన సేవింగ్స్ ఖాతా నుంచి కరెంటు ఖాతాకి డబ్బు మార్చుకున్నాడు. టూల్ దాన్ని అమ్మకాల్లో వేసింది. బ్యాంకు లోను ఈఎంఐలో ఖర్చయ్యేది వడ్డీ ఒక్కటే, టూల్ అసలు, వడ్డీ విడదీయకుండా మొత్తం ఖర్చు కింద రాసింది. ఒక తప్పు ఆదాయం పెంచింది, ఇంకోటి ఖర్చు పెంచింది. దాంతో నికర లాభం ఇంచుమించు సరిగ్గానే కనబడుతోంది, డెబిట్లు, క్రెడిట్లు సరిపోయాయా అని చూసే, మీ పేరున్న ట్రయల్ బ్యాలెన్స్ స్టేట్‌మెంట్ కూడా చక్కగా టాలీ అయింది! పైపైన చూస్తే దొరకవు ఇలాంటివి.

మెషిన్ చెప్పింది కదా అని నమ్మేస్తే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసు వ్యవహారంలో చూశాం. హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపిస్తూ పోతే, 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దోషులయ్యారు. అందులో ఏఐ లేదు, నిజమే. జబ్బు మాత్రం ఇదే. అకౌంటెంట్ల అంతర్జాతీయ నీతి నియమావళిలో ఈ జబ్బుకి పేరే ఉంది, ఆటోమేషన్ బయాస్ అని. టెక్నాలజీ ఇచ్చిన ఫలితం మీద ఎంతవరకు ఆధారపడొచ్చో చూసుకోమంటూ 2023లో ఆ నియమావళిని సవరించారు కూడా.

ఆఖరి_తేదీ:
గడువు రోజు రాత్రి పదకొండింటికి ఏ సెల్ మీదా ఎవరూ క్లిక్ చెయ్యరు లెండి.

ట్రయల్_బ్యాలెన్స్:
సంతకందారు గారూ, మీరు చెప్పింది సరిచూసుకోవడం గురించి. అడిగిన ప్రశ్న క్లయింటుకి చెప్పడం గురించి. ఈఎంఐ మొత్తాన్ని ఖర్చులో రాసే జూనియర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మీ ఫైలు మొన్న చేరిన కుర్రాడు చేశాడండీ అని క్లయింటుకి ఎప్పుడైనా చెప్పారా?

పైగా మనం వాడకపోతే వాళ్ళే వాడతారు. 2023లో బ్రిటన్ ట్యాక్స్ ట్రిబ్యునల్‌లో లాయరు లేకుండా వాదించుకున్న ఒక పన్ను చెల్లింపుదారు తన వాదనకి మద్దతుగా తొమ్మిది పాత తీర్పులు చూపించారు. తొమ్మిదీ ఏఐ పుట్టించినవే. కేసు ఓడిపోయారు. అదే ఒక అకౌంటెంట్ చేతిలో పడి ఉంటే అక్కడిదాకా వెళ్ళేది కాదు.

చిట్టా_ఆవర్జా:
జూనియర్ పాయింటు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ జూనియర్ మన ఆఫీసు మనిషి, గోప్యత నియమం అతనికీ వర్తిస్తుంది. ఉచిత చాట్ ఖాతాలో ఎక్కించిన స్టేట్‌మెంట్ మాటేమిటి? మనమిచ్చింది మోడల్ శిక్షణకి వాడుకుంటామని కొన్నింటి షరతుల్లోనే ఉంటుంది. అమెరికాలోనైతే రిటర్నులు తయారుచేసేవాళ్ళు క్లయింటు సమాచారాన్ని అక్రమంగా బయటపెడితే ఏడాది దాకా జైలు పడే సెక్షన్ 7216 ఉంది. మినహాయింపులున్నాయి, కానీ అనుమతి అన్నది అక్కడ మర్యాదతో పోయే విషయం కాదు.

పేరు కొట్టేసి ఇస్తున్నాం అనకండి. తేదీలు, మొత్తాలు, సరుకు ఎవరి దగ్గర కొన్నారో అన్నీ అలాగే ఉంటాయి. అదే వ్యాపారంలో ఉన్నవాడు చూస్తే ఆ లెక్కలు ఎవరివో ఇట్టే చెప్పేస్తాడు.

కొత్త_పద్దు:
గంటల లెక్కన బిల్లు వేసేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పూట పట్టే పని ఏఐతో అరగంటలో అయిపోతే బిల్లు ఎన్ని గంటలకి?

సంతకందారు:
అరగంటకీ, సరిచూసినంత సేపటికీ. చెయ్యని గంటలకి వేస్తే అది దొంగ బిల్లు, దాని మీద చర్చేముంది? కొంతమంది క్లయింటుకి చెప్పకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

ట్రయల్_బ్యాలెన్స్:
నాది ఫిక్స్‌డ్ ఫీజు, ఆ అనుమానం నాకు తగలదు. సరే, షరతుల విషయంలో చిట్టా గారు చెప్పింది కొట్టెయ్యలేను. డేటా బయటికి వెళ్ళే టూల్ అయితే, పని ఒప్పుకునేటప్పుడు క్లయింటుతో రాసుకునే ఎంగేజ్‌మెంట్ లెటర్లో ఒక లైను రాస్తాను. మా సిస్టమ్‌లోనే నడిచేదానికి మాత్రం రాయను.

చిట్టా_ఆవర్జా:
ఆ లైను చూసి క్లయింటు వద్దంటే?

ట్రయల్_బ్యాలెన్స్:
చేత్తో చేస్తాం. ఫీజు వేరే ఉంటుందని కూడా అదే లెటర్లో రాస్తాను.

కొత్త_పద్దు:
అంటే తన లెక్కలు గుట్టుగా ఉంచమన్న పాపానికి క్లయింటు ఎక్కువ కట్టాలన్నమాట. దీనికి నేను ఒప్పుకోను.

ఆఖరి_తేదీ:
ఫీజు ఎంతైనా కానివ్వండి, వద్దన్న ఫైలు వచ్చేది ఆ మొన్న చేరిన కుర్రాడి టేబుల్ మీదికే.