నిరుడు ఏడిపించినవాడే ఇప్పుడు మా గుమ్మంలో ఉంటున్నాడు: నమ్మొచ్చా?

గోదారమ్మ:
అందరికీ నమస్కారమండీ. మా బాబు 7వ తరగతి. పుస్తకాల పురుగు, ఆటలంటే ఆమడ దూరం. వాడి క్లాసులోనే ఒకబ్బాయి కిందటేడంతా వీణ్ణి "ముద్దపప్పు" అంటూ వెక్కిరించాడు. జామెట్రీ బాక్సు లాక్కునేవాడు, ఇంటర్వెల్లో తోసేసేవాడు. దసరా సెలవులయ్యాక లెక్కల సారు ఇద్దర్నీ ఒకే బెంచీలో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ అబ్బాయి రోజూ సాయంత్రం సైకిలేసుకుని మా ఇంటికొస్తున్నాడు. మావాడు కూడా హుషారుగానే ఉన్నాడు. ఇది స్నేహమేనా, హోంవర్క్ కోసం అవసరమా? నేనెక్కడ కలగజేసుకోవాలి, ఎక్కడ ఊరుకోవాలి? "పిల్లలే కదా, వదిలెయ్యండి" అని మాత్రం అనకండి.

చాక్‌పీసు:
అమ్మా, "వాడు మంచివాడేనా?" అని మీవాణ్ణి అడక్కండి. "ఆఁ, మంచోడే" అంటాడు, అక్కడితో సరి. రెండు వారాలు ఊరికే గమనించండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీవాడు "ఇవాళ రాను, పనుంది" అన్న మర్నాడు ఏం జరిగిందో చూడాలి. అవతలివాడు ఒక పూట అలిగితే ఫర్వాలేదు, ఆ వయసులో అందరూ అలుగుతారు. కానీ వెక్కిరింపులు మళ్లీ మొదలైనా, "అయితే చూస్కో" అన్నా అది స్నేహం కాదు, మీవాడు కడుతున్న కప్పం. అసలు మీవాడు ఒక్కసారి కూడా "రాను" అనకపోతే అదీ అనుమానించాల్సిందే.

తర్వాత, నలుగురి ముందు ఎలా ఉంటాడో. ఇద్దరే ఉన్నప్పుడు భుజం మీద చెయ్యేసి, తన జట్టు ఎదురుపడగానే పట్టనట్టు వెళ్లిపోవడం మొదట్లో మామూలే. దానికి కొంత టైమివ్వండి. వాళ్లని నవ్వించడానికి మీవాణ్ణే వాడుకుంటే మాత్రం ఉపేక్షించకండి.

హోంవర్క్ సంగతి తేల్చడం తేలికే. 240 రూపాయల బ్యాగు మీద 15 శాతం తగ్గిస్తే 204 అని నోట్సులో ఉందనుకోండి. పకోడీలు పెడుతూ ఆ అబ్బాయిని "360 రూపాయల చెప్పులకి 20 శాతం తగ్గిస్తే ఎంతవుతుందిరా?" అని మాటల్లో అడగండి. తడబడుతూనైనా 72 తీసేసి 288 అన్నాడంటే నేర్చుకుంటున్నట్టే. బిక్కమొహం వేస్తే ఎక్కించుకుంటున్నాడన్నమాట. అలాగే మీవాడి నోటుబుక్కు రాత్రిళ్లు ఎవరింట్లో ఉంటోందో కూడా చూడండి.

ఇంకో మాట. బళ్లో బాత్రూముకి వెళ్లకుండా ఇంటికొచ్చేదాకా ఆపుకోవడం, అందుకే వాటర్ బాటిల్ నిండుగా తిరిగి రావడం, ఆదివారం రాత్రి కడుపునొప్పి, చుట్టుదారిలో ఇంటికి రావడం... ఇవి ఉంటే పైకి కనబడే హుషారుని నమ్మొద్దు. టీచర్ల కన్ను పడని చోట్లు బాత్రూములూ మెట్ల మలుపులే, అక్కడే ఎక్కువ జరుగుతాయి.

రెండోబెంచీ:
సారు చేసింది సగం పనే. పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన ఏదీ కలవదు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో, రాబర్స్ కేవ్ పార్కులో ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 11, 12 ఏళ్ల మగపిల్లలు 22 మందిని రెండు జట్లు చేసి పోటీలు పెట్టింది. వైరం ముదిరాక కలిపి భోజనాలు పెడితే తిండి విసురుకున్నారు, అంతే. నీళ్ల ట్యాంకు పైపు మూసుకుపోయినప్పుడు, ట్రక్కు కదలనప్పుడు, అంటే ఒక జట్టు వల్ల కాని పనులు పడినప్పుడే పగ తగ్గుతూ వచ్చింది.

కాబట్టి ఇద్దరూ లేనిదే జరగని పని ఇవ్వండి. నీటి రాకెట్ బాగుంటుంది. కూల్‌డ్రింకు 2 లీటర్ల సీసా తీసుకోండి. గ్యాసు ఉండే డ్రింకుదే కావాలి, మంచినీళ్ల సీసా పల్చన, పీడనానికి ఆగదు. మూడో వంతు, అంటే 600, 650 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యాలి. మూతికి రబ్బరు బిరడా, అందులోంచి ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే సూది, సూదికి సైకిల్ పంపు. బోర్లించి స్టాండు మీద నిలబెట్టి గాలి కొడితే బిరడా ఊడి లేస్తుంది. నీళ్లు ఎక్కువైతే సీసా బరువెక్కుతుంది, గాలికి చోటు తగ్గుతుంది, నాలుగడుగులు లేచి పడుతుంది. నీళ్లు లేకపోతే ఉత్త "టప్"మని ఎగురుతుంది. బిరడా వదులైతే పీడనం ఎక్కకముందే కారిపోతుంది. ఖాళీ మైదానం, పొడుగాటి గొట్టం, పక్కనో పెద్దమనిషి ఉండాల్సిందే. సీసా మీదికి ఎవరూ వంగకూడదు.

పంపు ఒకడు కొడతాడు. రెండోవాడు 20 మీటర్ల దూరంలో కోణమానినికి దారం, రాయి కట్టుకుని రాకెట్ ఎంత కోణంలో కనబడిందో చూస్తాడు. కాగితం మీద 1 సెంటీమీటరుకి 2 మీటర్ల చొప్పున త్రిభుజం గీస్తే ఎత్తు తెలిసిపోతుంది, 7వ తరగతి జామెట్రీ చాలు. 45 డిగ్రీలొస్తే గీయక్కర్లేదు, 20 మీటర్లకి వాడి కంటి ఎత్తు కలిపితే సరి. మూడు రాకెట్లయ్యాక పనులు మార్చుకోవాలి. ఇది మర్చిపోవద్దు. మార్చకపోతే కండ ఒకడిది, బుర్ర ఒకడిది అన్న పాత ముద్రే గట్టిపడుతుంది.

ట్యూషన్ చెప్పించడం కన్నా ఇది నయం. రోజూ మీవాడే చెప్తూ వాడే వింటూ ఉంటే, అందరి ముందూ తక్కువైనట్టనిపించి ఒకనాటికి ఆ ఉక్రోషం తన్నుకొస్తుంది. లెక్కలు వారానికి మూడు రోజులు, ఇరవయ్యేసి నిమిషాలు చాలు. మిగతా రోజులు అతను నేర్పాలి. సైకిల్ పంక్చర్ వెయ్యడమో, క్యాచ్ పట్టడమో, ఏదైనా.

వేపనీడ:
పిల్లల కౌన్సెలింగ్‌లో పనిచేసేవాళ్లు ఇక్కడో తేడా చెప్తారు. రెండోబెంచీ గారు చెప్పిన ప్రయోగంలో రెండు జట్లూ దాదాపు సమఉజ్జీలు. గోదారమ్మ గారి విషయంలో నిరుడు ఒకడు కొట్టాడు, ఒకడు పడ్డాడు. నార్వేలో బడిపిల్లల వేధింపుల మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ చెప్పిన గుర్తులు మూడు: కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, ఎదుటివాడు తిరగబడలేనంత బలంలో తేడా. ఈ మూడూ ఉంటే అది తగువు కాదు, వేధింపు. కనుక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "సారీ చెప్పు, చేతులు కలుపు" అనే పంచాయితీ పెట్టకండి. బలహీనుడు భయంతో తలూపుతాడు, బయటికెళ్లాక బాకీ తీరుతుంది. మాట్లాడితే విడివిడిగానే మాట్లాడాలి.

ఆ అబ్బాయితో కూడా. "నువ్వు చెడ్డవాడివి" అనొద్దు. "నిరుడు బాక్సు లాక్కున్నావు. ఈ ఇంట్లో అది కుదరదు. రేపు నాలుగున్నరకి రా" అనండి, చాలు. తప్పు పేరు పెట్టి చెప్పాలి, తలుపు తెరిచే ఉంచాలి.

చూసేవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏడిపించేవాడికి నవ్వేవాళ్లే మేత. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లీ అనే పరిశోధకురాలి బృందం బళ్లలో వేధింపులు ఆపడానికి తయారుచేసిన కీవా పద్ధతి దీనిమీదే నిలబడింది. దండించడంతో సరిపెట్టకుండా, చూస్తూ ఊరుకునేవాళ్లని పక్కన నిలబడేవాళ్లుగా మారుస్తుంది. లెక్కల సారుతో మాట్లాడితే వీళ్లిద్దరి బెంచీ ఒక్కటే కాదు, వెనక బెంచీలో నవ్వే ఇద్దరి సీట్లు కూడా మార్చమనండి.

గోదారమ్మ:
చాలా ఉపయోగపడిందండీ. రెండు ప్రశ్నలు. ఆ అబ్బాయి వాళ్లింట్లో నిరుటి సంగతి చెప్పాలా? బిరడా ఎక్కడ దొరుకుతుంది?

వేపనీడ:
ఇప్పుడు ఆగిపోయిందంటే నిరుటిది తవ్వక్కర్లేదు. ఆ ఇంట్లో దెబ్బలుంటే మీ ఫిర్యాదు వాడి వీపు మీద తేలుతుంది, అది మర్నాడు మీవాడి దగ్గరికే వస్తుంది. "మీవాడు మా ఇంటికొచ్చి చదువుకుంటున్నాడు, ఆరింటికి పంపిస్తాను" అని పరిచయం చేసుకోండి. మళ్లీ మొదలైతే తేదీ, చోటు, చూసినవాళ్లు రాసిపెట్టుకుని హెడ్మాస్టరుకి కాగితం మీదే ఇవ్వండి. బెత్తం దెబ్బలు అడక్కండి, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బళ్లో కొట్టడం నిషేధం. వాడి ఒంటిమీద వాతలు కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

రెండోబెంచీ:
సైన్సు ల్యాబ్ సామాన్లమ్మే కొట్లో రబ్బరు బిరడాలుంటాయి. సీసా పట్టుకెళ్లి మూతికి పెట్టి చూసుకోండి, సగం దిగి బిగుసుకోవాలి. బిరడా సూది కన్నా పొడుగుంటే సన్నటి వైపు బ్లేడుతో కోసి, సూది మొన బయటికొచ్చేలా చెయ్యాలి. ఆ కోత మటుకు మీరే కోయండి.