సాహసం శాయరా: ఆ ‘శా’ ఎక్కడిది?

సీతమ్మధార: రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టి పాతాళభైరవి చూపించాను. నేపాళ మాంత్రికుడు ‘సాహసం శాయరా డింభకా’ అనగానే మనవరాలు ‘చేయరా అనాలి కదా తాతా’ అంది. డింభకుడి సంగతి వదిలేయండి, అది అందరికీ తెలిసిందే. మాటల రచయిత పింగళి నాగేంద్రరావు గారు కాగితం మీద రాసింది సేయరా అనా, శాయరా అనా?

ఎంవీపీ కాలనీ: శాయరానే. ఎస్వీ రంగారావు ‘శా’ మీద ఎలా ఆగి లాగుతారో మళ్లీ వినండి. ‘సే’ అయితే నోరు అంతగా తెరుచుకోదు.

భీమిలి: ఎందుకు తెరుచుకోదండీ? మేకు, మేడ అని పైకి పలికి చూడండి. మేడలో తర్వాతి అక్షరం ‘అ’కారం గనక ఏత్వం ‘ఆ’ వైపు జారుతుంది. సేయరాలోనూ అంతే. చ సకారం కావడం గసడదవాదేశం, అంటే సంధిలో క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారడం. మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉత్తరాలన్నీ ‘శాయంగల విన్నపములు’ అనే మొదలవుతాయి. అంటే రాతలోనూ ఉన్న రూపమే.

రాజాం: పింగళి వారు 1901లో మా రాజాంలో పుట్టారు. మేం ఇప్పటికీ సేస్తాం, సేయం అనే అంటాం. ఆ మాట మా నేలదే.

బందరు: పుట్టింది అక్కడే, కాదనం. పెరిగింది మా ఊళ్లో. పైగా మీ ‘సేస్తాం’లో ఉన్నది దంత్య సకారం (స), మాంత్రికుడిది తాలవ్యం (శ). రెంటినీ కలిపేస్తే ఎలా మాస్టారూ?

ద్వారకానగర్: మూలం కాశీమజిలీ కథల్లోది కదా, అక్కడ చూస్తే తేలదా?

భీమిలి: తేలదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి నుంచి వచ్చింది కథాబీజం. ఆయనది గ్రాంథిక వచనం, అందులో కథలు చెప్పే మణిసిద్ధుడు తన వెంట వచ్చే గోపుడికి చెప్పే ధోరణి వేరు. మాంత్రికుడి నోటి భాష అచ్చంగా పింగళి సృష్టి.

గాజువాక: సృష్టి అంటే గుర్తొచ్చింది, అదే సినిమాలో ‘ఎంత ఘాటు ప్రేమయో’! ఘాటు మిరపకాయకి, పొగాకుకి వాడే మాట. దాన్ని తెచ్చి వెన్నెల పాటలో ప్రేమకి తగిలించడానికి ఎంత ధైర్యం కావాలి! 1951లో ఇంకెవరూ ఆ పని చేసేవారు కాదు. 1957లో మాయాబజార్‌కి వచ్చేసరికి అసమదీయులకి (మనవాళ్లకి) ఎదురుగా తసమదీయులనే మాటనే పుట్టించేశారు.

బందరు: ఘాటుకి గాఢం అనే అర్థం జనం నోట ముందే ఉందండీ. ఆయన పట్టుకున్నారంతే.

గాజువాక: పట్టుకోవడమే కవి పని.

సీతమ్మధార: అయ్యా, కాగితం మీద ‘సే’ నా, ‘శా’ నా?

రాజాం: సే. రంగారావు గారి నోట్లో శా అయింది.

ఎంవీపీ కాలనీ: కె.వి. రెడ్డి గారు కాగితం మీద ఉన్న అక్షరాన్ని మారనిచ్చే దర్శకులు కారు. శా.

భీమిలి: అది సరే, జగదేకవీరుని కథలో ‘హే రాజన్, శృంగార వీరన్’ సంగతి చెప్పండి. రాజన్ సంస్కృత సంబోధన, ఒప్పుకున్నాం. వీర శబ్దానికి ఆ ‘న్’ ఎలా వచ్చింది?

బందరు: అది కావాలని పెట్టిందే. వివరంగా రాస్తాను, ఉండండి.