చర్చ: గానుగ నూనెకు పది సెకన్ల ప్రకటన పాట

గానుగ_గుంటూరు:
మాది గుంటూరులో చిన్న చెక్క గానుగ. ఎఫ్‌ఎం రేడియోలో పది సెకన్ల ప్రకటన ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. «చెక్క గానుగ నువ్వుల నూనె, గుండెకు మేలు చేసే నూనె» అని రాసుకున్నాము. చదివితే బాగానే ఉంది కానీ, ఏ గాయని పాడినా మొదటి పాదం మధ్యలో తడబడుతున్నారు. లోపం బాణీలో ఉందా, మాటలలో ఉందా? ప్రసిద్ధమైన సినిమా పాట వరుసలో కట్టించుకుంటే జనానికి వెంటనే పట్టుబడుతుందని మా బంధువులు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మాత్రాగణం:
గాయనిని గానీ బాణీని గానీ తప్పు పట్టనక్కరలేదండీ, చిక్కంతా మాత్రలలోనే, అంటే అక్షరాలు పలికే కాలపు లెక్కలోనే ఉంది. గురువుకు (దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం) రెండు, లఘువుకు (మిగిలిన పొట్టి అక్షరం) ఒకటి చొప్పున లెక్కించి చూడండి. «చెక్క» మూడు, «గానుగ» నాలుగు, «నువ్వుల» నాలుగు, «నూనె» మూడు. అంటే పాదం మూడు-నాలుగుతో నడక మొదలుపెట్టి, సగం దాటగానే నాలుగు-మూడుకు తిరగబడుతోంది. రెండవ పాదమేమో మొదటినుంచి చివరిదాకా నాలుగు-మూడుగానే సాగుతోంది. ఇలా ఏడేసి మాత్రలతో నడిచే మిశ్రగతిలో అలవాటైన గొంతు కూడా అటువంటి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి చూసుకోవలసి వస్తుంది.

నా సలహా ఏమిటంటే, నాలుగేసి మాత్రల నడకైన చతురశ్రంలోకి రండి. «గానుగ పట్టిన నువ్వుల నూనె» అనండి. నాలుగు, నాలుగు, నాలుగు, చివర మూడు. తెలుగులో పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక «నూనె» చివరి ఎకారాన్ని ఒక్క మాత్ర సాగదీస్తే నాలుగవ గణం (మాత్రల గుంపు) కూడా నిండుతుంది, వినేవారికి ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు. కానీ «చెక్క»ను «చెక్కా» అని సాగదీయలేము. పాదం మొదట్లో మాట రూపు చెడితే చెవి వెంటనే పట్టేస్తుంది. సాగదీత ఏదైనా పాదాంతంలోనే ఉండాలి. రెండవ పాదానికి «ముద్దన పడితే ముంతెడు తేనె» అని సూచిస్తున్నాను. లెక్క సరిపోతుంది, అంత్యప్రాస కుదిరింది, ము-ము అనుప్రాస కూడా పలికింది.

స్టూడియో_మైకు:
మాత్రాగణం గారి లెక్క రికార్డింగ్ గదిలో ఎలా పనికివస్తుందో చెబుతాను. నిమిషానికి 120 దెబ్బల వేగం పెట్టుకుని, దెబ్బకు రెండు మాత్రలు పాడించండి. పదహారు మాత్రల పాదం ఎనిమిది దెబ్బలు, అంటే సరిగ్గా నాలుగు సెకన్లు. రెండు పాదాలకు ఎనిమిది సెకన్లు పోగా, మిగిలే రెండు సెకన్లలో ఎనిమిది మాత్రల చోటు ఉంటుంది. మీ సంస్థ పేరు అక్కడే రావాలి. పేరు ఐదు మాత్రలైతే మిగిలిన మూడింటిని నిశ్శబ్దంగా వదిలేయండి. చాలామంది ఆ ఖాళీని ఫోన్ నంబరుతో నింపాలని పట్టుబడతారు, దానివల్ల పేరు చెవిలో నిలవకుండానే ప్రకటన అయిపోతుంది.

ఇంకొక మాట. మొదట వాద్యాలు లేకుండా, తొడమీద తాళం వేస్తూ పాడించి వినండి. అప్పుడు హాయిగా లేని వరుసను కీబోర్డు బాగుచేయలేదు.

న్యాయపాఠి:
పాట చక్కగా కుదిరినా రెండు విషయాలలో జాగ్రత్త అవసరం. «గుండెకు మేలు» అనేది ఆరోగ్య ప్రయోజనం చెప్పే మాట. ఆహార పదార్థాల ప్రకటనలపై 2018లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అటువంటి మాటకు శాస్త్రీయ ఆధారం మీ దగ్గర ఉండాలి. మీరు ఆ పాదాన్ని వదిలేయడమే మేలు.

ఇక సినిమా వరుస సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో సాహిత్యం వేరు, సంగీతం వేరు. మాటలు మార్చినంత మాత్రాన వరుసపై ఉన్న హక్కు పోదు. స్వరకర్త మరణించిన తరువాత కూడా అది 60 ఏళ్లు నిలుస్తుంది. టైటాన్ గడియారాల ప్రకటనలలో వినిపించే వరుస మొజార్ట్ 25వ సింఫనీలోనిది. ఆయన 1791లోనే కన్నుమూశారు కాబట్టి ఆ స్వరరచనను ఎవరైనా వాడుకోవచ్చు. తరతరాలుగా వస్తున్న మన జానపద వరుసలు కూడా అంతే. అయితే వేరొకరు చేసిన రికార్డింగును ఎత్తిపెట్టకూడదు, మీరు కొత్తగా పాడించుకోవాలి.

పాతరేడియో:
వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో మొదలైనప్పటినుంచి వింటున్నవాడిని. నాకు «ముంతెడు తేనె» మీద గట్టి అభ్యంతరం ఉంది. పాదం ఎంత అందంగా ఉన్నా, పాట ఆగిపోయే చోట ఏ మాట ఉంటే వినేవారి నాలుకమీద ఆ మాటే మిగులుతుంది. డబ్బు మీరు పెట్టి, తేనె అమ్మేవారికి ప్రచారం చేసినట్లవుతుంది. కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాదులో మొదలుపెట్టిన నిర్మా పొడి పాట ఇన్నేళ్లుగా నోళ్లలో నానడానికి కారణం, అందులో పేరే మళ్లీ మళ్లీ రావడం. పైగా «నిర్మా» అంటే నాలుగు మాత్రలు, తాళంలో సరిగ్గా ఇమిడిపోతుంది.

ఒకే ఊరికి పరిమితమైన ప్రకటనను చిన్నచూపు చూడకండి. అమెరికాలోని మినియాపొలిస్ రేడియోలో 1926లో వీటీస్ అనే అల్పాహారానికి పాట పాడించారు. తరువాత లెక్కలు చూసుకుంటే, ఆ పాట వినిపిస్తున్న ప్రాంతంలోనే అమ్మకాలు బలంగా ఉన్నాయని తేలింది, అప్పుడే దాన్ని మిగతా చోట్లకు విస్తరించారు. మీరు కూడా ముందు ఒక్క గుంటూరులోనే, రోజూ ఒకే వేళకు వినిపించండి.

మాత్రాగణం:
పాతరేడియో గారి అభ్యంతరం న్యాయమైనది, నేను ఒప్పుకుంటున్నాను. తేనెకు బదులు «జాడీలన్నీ అడిగే నూనె» అంటే ఎలా ఉంటుంది? ఎనిమిది, నాలుగు, చివర సాగదీతతో నాలుగు. ముగింపు మళ్లీ నూనె మీదనే పడుతుంది. ఆవకాయల కాలం కనుక మాట కూడా సమయానికి తగినట్లు ఉంటుంది.

గానుగ_గుంటూరు:
అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లోవారు చప్పట్లు కొడుతూ పాడి చూశారు, ఎక్కడా తడబాటు రాలేదు. గుండె మాట తీసివేశాము, సినిమా వరుస ఆలోచన మానుకున్నాము. మా సంస్థ పేరు మాత్రం తొమ్మిది మాత్రలు వస్తోంది. స్టూడియో_మైకు గారు, దానిని ఆ రెండు సెకన్లలో ఎలా ఇమడ్చాలి?

స్టూడియో_మైకు:
పేరును పాడించకండి. రెండవ పాదం అయిన వెంటనే తాళం ఆపి, మామూలుగా మాట్లాడే గొంతుతో పలికించండి. మాటకు మాత్రల నిర్బంధం లేదు, రెండు సెకన్లలో తొమ్మిది మాత్రలు నిదానంగానే పలకవచ్చు. గానుగ దగ్గర రోజూ నిలబడే మీ గొంతే అయితే ఇంకా మంచిది.