క్యాప్సూల్‌లోంచి వచ్చేది ఎస్ప్రెస్సోనేనా?

తొలిపొద్దు:
నాలుగు నెలల క్రితం ఇంట్లోకి క్యాప్సూల్ మెషీన్ కొన్నాను, ఒక్క కప్పుకి సరిపడా పొడి నింపి మూసిన చిన్న డబ్బీలతో కాఫీ తీసేది. నెస్ప్రెస్సో కంపెనీ "ఒరిజినల్" రకం సైజు క్యాప్సూల్స్ పడతాయి. ఇప్పటికి పదిహేను రకాలు తాగి చూశాను. కొన్ని భలే నచ్చాయి, కొన్ని పలచగా, చివర్లో వగరుగా ఉన్నాయి. మొన్న మా ఫ్రెండ్ వచ్చి రెండు గుక్కలు తాగి, "ఇది ఎస్ప్రెస్సో కాదు, నురగ కట్టిన కాఫీ నీళ్లు" అనేశాడు. ఎస్ప్రెస్సో అంటే వేడినీళ్లని ఒత్తిడితో పొడిలోంచి పంపి తీసే చిక్కటి కాఫీ కదా. నిజంగా బాధేసింది. గ్రైండర్, పోర్టాఫిల్టర్ (పొడి నింపి బిగించే పిడి గిన్నె) ఉన్న మెషీన్ కొనక తప్పదా? రెండూ వాడినవాళ్లు చెప్పండి.

గింజలడబ్బా:
మీ ఫ్రెండ్ మాటతోనే నేనూ ఏకీభవిస్తాను. ఆ సైజు క్యాప్సూల్‌లో పట్టే పొడి 5, 6 గ్రాములే. కేఫ్‌లో డబుల్ షాట్‌కి, అంటే రెండింతల ఎస్ప్రెస్సోకి, 18 గ్రాముల దాకా వేస్తారు. పొడే లేనప్పుడు చిక్కదనం ఎక్కడినుంచి వస్తుంది? పెట్టె మీద 19 బార్ (ఒత్తిడి కొలత) అని రాసి ఉంటుంది, అది చూసి నమ్మకండి. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. ఎస్ప్రెస్సోకి 9 బార్ చాలు. గింజలు అప్పటికప్పుడు మర పట్టినప్పుడు గదంతా వచ్చే వాసన ఏ క్యాప్సూల్‌లోనూ ఉండదు.

పొగలకప్పు:
గింజలడబ్బా గారూ, పొడి లెక్క కరెక్టే. కానీ దాన్నిబట్టి "ఎస్ప్రెస్సో కాదు" అనేయడం అన్యాయం. సింగిల్ షాట్‌కి పాత కొలత 7 గ్రాములే కదండీ. మీరు క్యాప్సూల్‌ని డబుల్ షాట్‌తో పోలుస్తున్నారు.

అసలు సమస్య నీళ్లలో ఉంది. మీ 18 గ్రాముల పొడికి కప్పులో దిగేది సుమారు 36 గ్రాముల కాఫీ, అంటే ఒకటికి రెండు. క్యాప్సూల్ మెషీన్‌లో ఎస్ప్రెస్సో బటన్ 40 మి.లీ. ఇస్తుంది, అంటే గ్రాముకి ఏడెనిమిది మి.లీ. అదే క్యాప్సూల్‌తో 110 మి.లీ. లుంగో (ఎక్కువ నీళ్లతో తీసే పెద్ద కప్పు) బటన్ నొక్కితే ఇక చెప్పక్కర్లేదు. పలచన, వగరు వచ్చేది అక్కడే.

తొలిపొద్దు గారూ, రేపు ఒక పని చేయండి. కప్పు పక్కన రెండు స్పూన్లు పెట్టుకుని బటన్ నొక్కండి. మొదట నల్లగా, బరువుగా చుక్కలు పడతాయి. తర్వాత తేనె రంగులో సన్నటి ధార దిగుతుంది. ఆఖర్న ధార రంగు వెలిసి గడ్డి రంగుకి వస్తుంది. మొదటి చుక్కలు ఒక స్పూన్‌లో, ఆఖరివి ఇంకో స్పూన్‌లో పట్టి విడివిడిగా నాలుక మీద వేసుకోండి. ఆ రెండోదాన్ని కప్పులో ఎందుకు కలుపుతున్నామా అనిపిస్తుంది! 25 మి.లీ. దగ్గర ఆపేయండి. చాలా మెషీన్లలో బటన్ నొక్కి పట్టుకుని, కావలసినంత పడ్డాక వదిలేస్తే ఆ కొలతే గుర్తుపెట్టుకుంటుంది. అంతకంటే ముందు క్యాప్సూల్ లేకుండా ఒకసారి వేడినీళ్లు వదిలి కప్పు వేడి చేసుకోండి.

పొడి తాజాదనం సంగతంటారా, అల్యూమినియం క్యాప్సూల్‌లోకి గాలి చొరబడదు. గింజల ప్యాకెట్ తెరిచి నెల్లాళ్లు పెట్టుకునేవాళ్ల కాఫీ కంటే ఇదే నయం. ఆరేళ్లు గ్రైండర్‌తో కుస్తీ పట్టిన అనుభవంతో అంటున్నాను.

నల్లచుక్క:
వేరే కంపెనీల క్యాప్సూల్స్ గురించి ఒక హెచ్చరిక. మెషీన్ సూదులు పైభాగాన్ని గుచ్చుతాయి. లోపల ఒత్తిడి పెరిగాక అడుగున ఉన్న రేకు, గుబ్బలున్న పలకకి ఒత్తుకుని చిరుగుతుంది. అందుకే అంచు గట్టిగా కూర్చోవాలి. నేను తెచ్చిన ఒక ప్యాకెట్‌లో అంచులు మెత్తగా ఉన్నాయి. సగం నీళ్లు పక్కనుంచి జారి ట్రేలో పడ్డాయి, మెషీన్ మూసే లివర్ ఇరుక్కుపోయింది. అన్నీ అలా ఉండవు, కానీ ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి చూసుకోండి. నెస్ప్రెస్సోవే ఇంకో రకం, వెర్ట్యువో క్యాప్సూల్స్ మాత్రం అసలు కొనకండి, మీ మెషీన్‌లో పట్టవు. అవి అంచు మీది బార్‌కోడ్ చదివి, క్యాప్సూల్‌ని నిమిషానికి 7000 చుట్ల దాకా తిప్పే వేరే పద్ధతి.

ఆకుపచ్చ:
రుచి గొడవ సరే, ఖాళీ క్యాప్సూల్స్ మాటేమిటి? జర్మనీలోని హాంబర్గ్ నగరం 2016లోనే ప్రభుత్వ డబ్బుతో క్యాప్సూల్ కాఫీ కొనడం ఆపేసింది. అల్యూమినియం మళ్లీ కరిగించవచ్చు, నిజమే. కానీ తడి పొడితో సహా చెత్తబుట్టలో వేస్తే ఎవరు కరిగిస్తారు? కంపోస్ట్ అవుతాయని అమ్మే వాటిలో చాలావాటికి పెద్ద ప్లాంట్లలో ఉండే వేడి కావాలి, పెరటి గుంతలో తేలిగ్గా కుళ్లవు. రోజుకి నాలుగు తాగే ఇంట్లో ఏడాదికి 1460 అవుతాయి. నాకు మనసొప్పలేదు, మానేశాను.

పొగలకప్పు:
ఆకుపచ్చ గారూ, ఈ విషయంలో మీతో వాదించను. నేను చల్లారాక రేకు చింపి, పొడి స్పూన్‌తో తీసి మొక్కలకి వేస్తాను. లోహం విడిగా డబ్బాలో దాచి, రీసైక్లింగ్‌కి ఇస్తాను. పది క్యాప్సూల్స్‌కి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ ఓపిక లేకపోతే క్యాప్సూల్ మెషీన్ వద్దనే నేనూ అంటాను.

తొలిపొద్దు:
స్పూన్ల పరీక్ష చేశాను. రెండో స్పూన్ నోట్లో పెట్టుకోలేకపోయాను! పలచగా ఉన్నాయని పక్కన పెట్టేసిన మూడు రకాల్ని 25 దగ్గర ఆపి మళ్లీ తాగాను. రెండు బాగా కుదిరాయి, మూడోది అప్పటికీ చేదే. గ్రైండర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. పొడి తీసే పని ఇవాళే మొదలుపెట్టాను.

గింజలడబ్బా:
25 మి.లీ. అయితే పేరు విషయంలో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. పెద్ద కప్పు పాలల్లో కలుపుకుంటే మాత్రం ఆ 5 గ్రాములు ఆనవు. పాలు తక్కువ పోసుకోండి, లేదా రెండు క్యాప్సూల్స్ వాడండి.